రాణీగారికి చెక్క క్లిప్పులు

యార్నెల్ గుట్ట సగం ఎక్కేసరికి రాణీగారు దగ్గారు. వెల్డా విసురుకుంటున్న అట్టముక్క ఆగిపోయింది. రాణీగారు రెండోసారి దగ్గి, ఒక్క కుదుపు కుదిపి, మళ్ళీ కాస్త ఊపందుకున్నారు. లైల్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు, మళ్ళీ నొక్కాడు, మొండికేసిన గేదెను బుజ్జగిస్తున్నట్టు స్టీరింగు మీద మెల్లగా తట్టాడు. మూడో దగ్గుకి ఇంజను ఆగిపోయింది. మిగిలిన ఊపుతోనే బండి రోడ్డు వారనున్న కంకర జాగాలోకి దొర్లి నిలబడింది.

"ఏం అనకు," అన్నాడు లైల్.

"నేనేం అన్నాను?"

"అనబోతున్నావు."

"అనడానికి కొత్తగా ఏముంది గనక. అనాల్సినవన్నీ మూడేళ్ళ కిందటి ఆగస్టులోనే అనేశాను."

రాణీగారంటే వాళ్ళ మోటారు ఇల్లు. ముందు స్టీరింగు, వెనక మంచం, మధ్యలో పొయ్యి, సింకు, మనిషి ఒక్కడే పట్టే స్నానాల గది. ఆ పేరు పెట్టింది లైలే. ముందు ముద్దుకి పెట్టాడు, తర్వాత ఒళ్ళుమండి అలాగే పిలిచాడు. ఇద్దరికీ ఉద్యోగాలు అయిపోయాక బ్లైత్‌లో ఇల్లు అమ్మి, వాళ్ళ ఈడువాళ్ళు చాలామంది చేసినట్టే, అప్పటికే ముసలిదైపోయిన ఈ బండిని కొన్నారు. చలికాలమంతా క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో, ఎండలు ముదరకముందే పైకెళ్ళి పైన్ చెట్ల కింద. ఈ ఏడు లైల్ కంటికి శుక్లం తీయించుకోవడంతో జూన్ దాకా కిందే ఇరుక్కుపోయారు. ఆ కంటి మీద ఇంకా అట్టకట్టు ఉంది.

రాణీగారి జబ్బేమిటో అందరికీ తెలిసిందే. ఎండకి, ఎత్తుకి ఇంజను కాగి, పెట్రోలు కార్బ్యురేటర్ చేరకముందే పైపులోనే మరిగి ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. ఊరికే కొట్టుకుంటుంది, ఇంజను గుటక పడక చస్తుంది. చల్లారితే మళ్ళీ లేస్తుంది. అరిజోనాలో పాత బండి ఉన్న ప్రతివాడికీ ఈ బాధ ఎప్పుడో ఒకప్పుడు తగిలిందే. మిగతావాళ్ళకి లేని బాధల్లా ఇది కొన్నాళ్ళు ఎందుకు వస్తుందో, కొన్నాళ్ళు ఎందుకు రాదో అర్థం కాకపోవడం. లైల్ పంపు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. ముగ్గురు మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళు కూర్చుని నడిపితే రాణీగారు అదే ఎండలో, అదే గుట్ట మీద పూలదండ వేయించుకోబోతున్నంత వినయంగా నడిచారు. బ్లైత్ పొలాల్లో ముప్పై ఏళ్ళు నీళ్ళ పంపులు బాగుచేసిన మనిషికి తన సొంత పంపు అంతుచిక్కకపోవడం ఎంత నామర్దాగా ఉండేదో వెల్డాకి తెలుసు. తెలిసి కూడా ఆ మాట వారానికోసారైనా ఎత్తేది.

ఇక మిగిలిన మందు చెక్క క్లిప్పులు. బట్టలు ఆరేసుకునే క్లిప్పుల్ని వరసగా పెట్రోలు పైపుకి తగిలిస్తే వేడి చెక్కలోకి పోతుందని లైల్ నాన్న నమ్మాడు, ఆయన నాన్న నమ్మాడు. ఎడారిలో ఏ ముసలాణ్ణి అడిగినా క్లిప్పుల మీద ఒట్టేస్తాడు. ఎవరికైనా పనిచేసిందా అంటే మాత్రం పక్కవాడికి పనిచేసిందంటాడు. వెల్డా కొన్న క్లిప్పులన్నీ రాణీగారి ఒంటి మీదికే చేరాయి. ఆమె మాత్రం ఉతికిన బట్టల్ని మెస్కీట్ ముళ్ళచెట్ల కొమ్మలకి ముడేసి ఆరబెట్టుకునేది.

లైల్ బకెట్లో నీళ్ళు పట్టుకుని, పాత తువ్వాలు భుజాన వేసుకుని, జేబు నిండా క్లిప్పులతో దిగాడు. ఇంజను మీదికి రెండు దారులున్నాయి. ఒకటి బండి ముక్కు దగ్గరున్న తలుపు. రెండోది లోపల రెండు సీట్ల మధ్య దిమ్మలా ఉండే మూత. మామూలుగా బండి ఆగగానే లోపలి మూత వెల్డా ఎత్తేది, ఆ తర్వాతే లైల్ చెయ్యి పెట్టేవాడు. ఈరోజు ఆమె దాని వంక చూడనైనా లేదు. చెప్పులేసుకుని దిగి, బండి నీడలో ఒక రాయి చూసుకుని కూర్చుంది.

"మూత తీస్తావా పిల్లా, గాలాడుతుంది," అన్నాడు లైల్.

"నేను తియ్యను. నువ్వూ తియ్యొద్దు, నా నీలం గౌనుకి పెట్రోలు వాసన పడుతుంది. నీ తువ్వాలు, నీ క్లిప్పులు, నీ రాణీగారు. మీరూ మీరూ చూసుకోండి."

ఆమెకి ఏడుపొచ్చేంత కోపంగా ఉంది. నాలుగింటికి ప్రెస్కాట్‌లో అక్క మోజెల్ పెళ్ళి. డెబ్బై ఒకటో ఏట, ఇరవయ్యేళ్ళు విధవగా ఉన్నాక, ఎమిల్ అనే ఓ మంచి వడ్రంగిని చేసుకుంటోంది. ఫోనులో మోజెల్ చెప్పింది రెండే మాటలు. "నాలుగింటికి నువ్వు నా పక్కన నిలబడి ఉండాలి వెల్డీ. నాలుగూ పదికి కాదు. ఈసారి కూడా రాకపోయావంటే ఇక నాకు చెల్లెలు లేదనుకుంటా."

ఈసారి కూడా అన్నది హార్లన్ గురించి. హార్లన్ వాళ్ళ తమ్ముడు. మూడేళ్ళ కిందట కింగ్‌మన్‌లో పోయాడు. ఆగస్టు ఎండలో గుట్ట ఎక్కుతుంటే రాణీగారు ఇలాగే మొరాయించారు. వీళ్ళు శ్మశానం చేరేసరికి కుర్చీలు మడతపెట్టి ట్రక్కుకెక్కిస్తున్నారు. మోజెల్ అందరి ముందూ లైల్ మొహం మీదే అంది, నీ డబ్బా కోసం నా చెల్లెల్ని తమ్ముడి ఆఖరి చూపుకి లేకుండా చేశావని. లైల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెల్డా అడ్డుపడలేదు. అక్క చెప్పింది నిజమే అనుకుంది. ఆ రోజు నుంచి మోజెల్ అతనితో మాట్లాడలేదు. ఈ పెళ్ళికి కూడా వెల్డాని ఒక్కదాన్నే పిలిచింది. అతను బండి తోలుకొస్తాడు గనక అతనూ వస్తాడు.

మామూలుగా అరగంటలో లేచే రాణీగారు ఈరోజు ముప్పావుగంట దాటినా ఉలకలేదు, పలకలేదు. లైల్ ముక్కు తలుపులోంచి దూరి, ఉన్న ఒక్క కంటితో తడుముకుంటూ తువ్వాలు తడిపి పంపుకి కప్పుతున్నాడు, తాళం తిప్పుతున్నాడు, ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. మళ్ళీ దిగి ఇంకో క్లిప్పు పెడుతున్నాడు.

"ఇంకా ఎన్ని పెడతావు? అది బండా, బట్టల తీగా?" అంది వెల్డా.

"చల్లారాలి. చల్లారితే లేస్తుంది."

"నేను మొన్న అన్నాను, పొద్దున్నే చీకటితో బయల్దేరదామని. అన్నానా లేదా?"

"అన్నావు."

"నువ్వేమన్నావు?"

"కంట్లో చుక్కలు వేసుకుని బయల్దేరదామన్నాను."

"చుక్కలు బండిలో వేసుకోకూడదా?"

"బండి తోలేది ఎవరు, నువ్వా?"

తోలడం ఆమెకి రాదు. నేర్పుతానని అతను ఎన్నిసార్లో అన్నాడు, ఇంత పెద్ద దాన్ని నేను తోలనని ఆమే కాదంది. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

కింద నుంచి ఒక పికప్ ట్రక్కు వచ్చి వాళ్ళ వెనక ఆగింది. అందులోంచి గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి ముసలాయన దిగాడు. దారిలో బండి ఆగిందంటే ఇలాంటివాడు ఒకడు దిగకుండా ఉండడు, వైద్యం చెప్పకుండా పోడు.

"ఆవిరి పట్టిందా?" అన్నాడు, చుట్టానికి జ్వరం వచ్చిందా అన్నంత చనువుగా.

"పట్టింది," అన్నాడు లైల్.

"క్లిప్పులు పెట్టావా?"

"పెట్టాను."

"ఎన్ని?"

"ఉన్నవన్నీ."

గడ్డిటోపీ ఒంగి చూసి తల పంకించాడు. "ప్లాస్టిక్‌వి కావుగా? మా బావమరిది ప్లాస్టిక్‌వి పెట్టి అన్నీ కరిగించుకున్నాడు. ఇప్పటి పెట్రోల్లో దమ్ము లేదులే, సారా కలుపుతున్నారు. నువ్వు ఒక బంగాళాదుంప కోసి పైపుకి గుచ్చి చూడు."

"ఉన్న దుంపలన్నీ ఉడుకుతున్నాయి," అంది వెల్డా కసిగా.

ఆయన ఆమె వంక, ఉంగరాలు తిరగడానికి ఆమె జుట్టుకి చుట్టిన రోలర్ల వంక చూశాడు. ఎక్కడికని అడిగాడు. ఆమె చెప్పింది. తనూ ప్రెస్కాట్‌కే పోతున్నానని, ఒక సీటు ఖాళీగా ఉందని, రెండోదాంట్లో కుక్క ఉందని చెప్పాడు. "నాలుగింటికి ముందే దింపుతాను అమ్మా. బండి చల్లారాక ఈయన వస్తాడు."

వెల్డా లైల్ వంక చూసింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. అట్టకట్టు కింద నుంచి చెమట కారుతోంది.

"వెళ్ళు," అన్నాడు అతను. "నిజంగానే చెప్తున్నా. నేను వచ్చినా మీ అక్క ఎలాగూ నా మొహం చూడదు. నువ్వు వెళ్ళు పిల్లా."

ఆ మాట అతను జాలిగా అని ఉంటే ఆమె గట్టిగా తిట్టి ఉండేది. మామూలుగా అన్నాడు, అదే ఇబ్బందయింది. సరే అని లేచి బండెక్కింది. నీలం గౌను తీసుకుంది, బూట్లు తీసుకుంది, హ్యాండ్‌బ్యాగు తీసుకుంది. ఇంకొకటి మిగిలింది. దుంపల గిన్నె.

వెల్డా ముప్పై ఏళ్ళు స్కూలు వంటశాలలో పనిచేసింది. చల్లారిన తిండి పెట్టడమంటే ఆమె లెక్కలో మనిషిని తిట్టడమే. బండి కొన్న మొదటి నెలలోనే ఆమె లైల్‌ని అడిగింది, ఇంత వేడి ఊరికే పోతోంది కదా, దాని మీద ఏదైనా వండుకోకూడదా అని. చాలామంది చేసే పనే అది. రేకు కాగితంలో మాంసమో దుంపలో చుట్టి ఇంజను మీద పడేస్తే ఊరు చేరేసరికి భోజనం సిద్ధం. లైల్ ఇంకో మెట్టు పైకెళ్ళి, పాత ఓవెన్ జాలీ కోసి, ఇంజను పక్కనే పొగ బయటికి పోయే లావుపాటి ఇనప గొట్టం మీదుగా ఆమెకి చిన్న అర ఒకటి కట్టిపెట్టాడు. రోజువారీ చిన్న ప్రయాణాలకి అందులో ఏమీ ఉండేది కాదు. ఎవరింటికైనా దూరం వెళ్తుంటే మాత్రం బరువైన గిన్నె నిండా దుంపలు, పాలమీగడ, చీజు వేసి, మూత బిగించి అందులో పెట్టేది.

సీట్ల మధ్యనున్న మూత గడియలు తీసి ఎత్తింది. సెగ మొహానికి కొట్టింది. గిన్నె చెవులు పట్టుకోలేనంత కాలుతున్నాయి. గుడ్డ కోసం వెతికే ఓపిక లేక, ఫ్లాస్కులోని ఐసు నీళ్ళు గిన్నె అంచు మీద కాసిని పోసింది. నీళ్ళు జాలీ మీదుగా, జాలీ కొక్కెం మీదుగా కిందికి కారాయి. చుయ్యిమని చప్పుడైంది. ఆవిరి గిన్నె మీంచి లేవలేదు. గిన్నె కింద నుంచి లేచింది.

ఆమె కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఒంగింది. అర కొక్కెం ఒక పక్క బోల్టుకి తగిలించి ఉంది. రెండో పక్క పెట్రోలు పైపుకి తగిలించి ఉంది. నిండు గిన్నె బరువుకి పైపు విల్లులా ఒంగి, కాలుతున్న ఇనప గొట్టం మీద పడుకుని ఉంది. వేసుకున్న గౌను అంచుతో పట్టి గిన్నె పైకెత్తింది. పైపు మెల్లగా లేచి, వేలెడు ఎత్తున నిలబడింది. గిన్నె పెట్టింది. పడుకుంది. ఎత్తింది. లేచింది.

ఆమె గిన్నె పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. బండి ఆగినప్పుడల్లా, పెట్రోలు వాసన పడుతుందని, ముందు గిన్నె తీసి సింకులో పెట్టేది తనే. ఆ తర్వాతే లైల్ చూసేవాడు, మెకానిక్కులు చూసేవాళ్ళు. అప్పటికి పైపు ఏమీ ఎరగనట్టు పైన ఉండేది. అందుకే అరగంటలో చల్లారి లేచేది. ఈరోజు తను అలిగి గిన్నె తియ్యలేదు గనక లేవలేదు. కింగ్‌మన్ వెళ్ళిన రోజు హార్లన్ ఇంటికొచ్చిన వాళ్ళకి వేడిగా పెట్టాలని ఇదే గిన్నె, ఇవే దుంపలు. తమ్ముడి మొహం చూడనివ్వనిది లైల్ కాదు, రాణీగారూ కాదు.

బయట ట్రక్కు హారన్ మోగింది. ఆమెకి ఒక్కసారి అంతా చాలా తేలిగ్గా కనిపించింది. గిన్నె పట్టుకుని ఆ ట్రక్కు ఎక్కితే సరి. అరగంటలో ఇంజను దానంతటదే లేస్తుంది, లైల్ వెనకే వస్తాడు. మోజెల్ పక్కన నాలుగింటికి నిలబడొచ్చు. లైల్ ఒంటికంటితో ఇందులో ఏమీ చూడలేదు, చూడలేడు కూడా. తనని తాను అంత అసహ్యించుకోవడం వెల్డాకి అదే మొదటిసారి.

గిన్నె సింకులో పెట్టింది. జాలీ అర ఊడబీకి మంచం కిందికి విసిరేసింది. తలుపులోంచి తల బయటపెట్టింది.

"మీరు వెళ్ళండి," అంది గడ్డిటోపీతో. "ఇది బాగవుతుంది."

"మీకెలా తెలుసమ్మా?"

"తెలిసింది. మీ కుక్కకి ఎండ తగులుతోంది, వెళ్ళండి."

ఆయన లైల్ వంక సానుభూతిగా చూసి వెళ్ళిపోయాడు. లైల్ ఏమిటన్నట్టు కనుబొమ ఎత్తాడు. చెప్పాలని ఆమె నోరు తెరిచింది. మూడేళ్ళుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. "ఆ తువ్వాలు ఇలా తే," అంది. "పైన ఈ పైపుకి చుట్టాలి, కింద పంపుకి కాదు."

ఇద్దరూ మూత దగ్గర చెరో పక్క మోకరిల్లారు. తను బిస్కెట్లు కాల్చుకునే మంచి రేకును ఆమె మోకాలి మీద వంచి, ఇనప గొట్టానికీ పైపుకీ మధ్య సెగకి అడ్డంగా దూర్చింది. పైపుకి తడి తువ్వాలు చుట్టి ఐసు నీళ్ళన్నీ పోశారు. గుడ్డ జారకుండా లైల్ వరసగా క్లిప్పులు పెట్టాడు.

"జాలీ ఎందుకు పీకావు?"

"అడ్డంగా ఉంది."

కాసేపటికి తాళం తిప్పాడు. రాణీగారు రెండు గుటకలు మింగి లేచారు. గుట్ట మిగతా సగం ఒక్క దగ్గు లేకుండా ఎక్కారు. పైన యార్నెల్ ఊరు దాటేసరికి లైల్ మొహం వెలిగిపోతోంది.

"చూశావా? క్లిప్పులు. ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నా. తడిగుడ్డ మీద పెట్టాలన్నమాట. మా నాన్నకి కూడా తెలీదు ఆ కిటుకు."

వెల్డా కిటికీలోంచి చూస్తూ రోలర్లు తీసుకుంటోంది.

"ఏంటి పిల్లా, తిట్టట్లేదు? ఒంట్లో బాగాలేదా?"

"ముందు చూసి తోలు," అంది.

దారి పొడుగునా అతను క్లిప్పుల గురించే చెప్పాడు. క్వార్ట్‌జ్‌సైట్‌లో ఎవరెవరికి చెప్పాలో, ఎవరు నమ్మరో కూడా చెప్పాడు. విన్నకొద్దీ ఆమెకి అతని మీద కోపం వచ్చింది, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ప్రెస్కాట్ వచ్చేసింది.

నాలుగు ఎప్పుడో దాటింది. మోజెల్ ఇంటి వెనక పైన్ చెట్ల కింద కుర్చీల్లో జనం కార్యక్రమం కాగితాలతో విసురుకుంటున్నారు. పాస్టరుగారు చెట్టుకి ఆనుకుని నిలబడ్డారు. ఎమిల్ కోటు విప్పేశాడు. మోజెల్ మాత్రం వరండా మెట్ల మీద బూడిదరంగు పట్టు గౌనులో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలి కోసం పెళ్ళి ఆపేసింది.

వెల్డా గిన్నె పట్టుకుని దిగింది. లైల్ వెనకే దిగి, బండి దగ్గరే ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. శ్మశానంలో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"ఈసారేమిటట?" అంది మోజెల్, కుర్చీల్లో వాళ్ళందరికీ వినబడేలా. చూపు లైల్ మీద ఉంది.

"ఎప్పుడూ ఉండేదే," అన్నాడు లైల్. "బండి. నాదే ఆలస్యం."

"కాదు," అంది వెల్డా. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "కాదక్కా. నేను. ఈ గిన్నె. దీని బరువుకి పెట్రోలు పైపు ఒంగి కాలే గొట్టం మీద పడుతోంది. ఈరోజే చూశాను. హార్లన్ పోయినప్పుడు కూడా ఇదే గిన్నె. ఆయన్ని అందరి ముందూ అన్నావు, నేను వింటూ ఊరుకున్నా. ఆయన తప్పేం లేదు."

లైల్ ఆమె వంక ఒక కంటితో చూశాడు.

"ఆ కొక్కెం పైపుకి తగిలించింది నేనే," అన్నాడు చివరికి. "నీకు అందేలా ఉంటుందని."

మోజెల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మెట్లు దిగి వచ్చి గిన్నె మూత ఎత్తింది.

"ఉడికాయా?"

"సగం."

"లోపల ఓవెన్లో పెట్టు. పెళ్ళి అయ్యేలోపు అవుతాయి." ఆమె గొంతు ఇంకా గట్టిగానే ఉంది. కళ్ళు తుడుచుకుని లైల్ వైపు తిరిగింది. "హార్లన్ ఉంటే పాస్టరుగారి దాకా నన్ను చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. లేడు గనక ఒక్కదాన్నే నడుద్దామనుకున్నా. ఆ చేతులు కడుక్కుని రా లైల్. సబ్బుతో కడుక్కో."

అతను పెరటి కొళాయి దగ్గర చాలాసేపు రుద్దుకున్నాడు. గోళ్ళలో నలుపు పోలేదు. వెల్డా ఓవెన్లో గిన్నె పెట్టి బయటికొస్తుంటే, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"అయితే క్లిప్పులు పని చెయ్యలేదంటావా?"

వెల్డా అతని చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. "గుడ్డ జారకుండా పట్టుకున్నాయిగా," అంది. "పద, మా అక్క నీకోసం నిలబడి ఉంది."